‘అన్నా, కోడ్ పని చేయట్లేదు’ అనే ముందు ఏం చేయాలి

బెంగళూరు మారతహళ్ళిలో పీజీ వదిలి ఫ్లాట్‌కి మారి నాలుగేళ్ళయింది. అయినా రాత్రి భోజనం ఆ పీజీ కింద ఉన్న ఆంధ్రా మెస్‌లోనే చేస్తాను. అక్కడి గోంగూర, ముద్దపప్పు నా వంటింట్లో కుదరవు. ఆ భోజనానికి డబ్బులతో పాటు ఇంకో బిల్లు కూడా కట్టాలి. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఒంగోలు కుర్రాడో, అనంతపురం కుర్రాడో ల్యాప్‌టాప్ తెరిచి నా కుర్చీ పక్కనే కూర్చుని ఉంటాడు. “అన్నా, కోడ్ పని చేయట్లేదు.”

ఒకడు ఇన్‌స్టిట్యూట్‌లో జావా నేర్చుకుంటున్నాడు. ఇంకొకడిది పైథాన్. మూడోవాడికి ఆఫీసులో అడగకుండానే జావాస్క్రిప్ట్ అంటగట్టారు. భాషలు వేరైనా తిప్పితిప్పి అవే ప్రశ్నలు. వాళ్ళకి చెప్పే వరుసే ఇక్కడ రాస్తున్నాను. కాపీ చేసి అతికించుకోవడానికి ఇందులో కోడ్ ఏమీ లేదు, కావాలనే పెట్టలేదు. చదివినదాన్ని మీ చేత్తో టైప్ చేసి నడిపి చూడండి.

మొదట జబ్బు పేరు తేల్చండి

‘పని చేయట్లేదు’ అన్న మాటలో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. ప్రోగ్రాం అసలు మొదలే కాలేదా? మొదలై మధ్యలో ఎర్రక్షరాలు కక్కి పడిపోయిందా? చివరిదాకా బుద్ధిగా నడిచి తప్పు జవాబు ఇచ్చిందా? మూడింటికీ మందు వేరు. మొదటిది చిరాకు పెడుతుంది కానీ చిన్నది. రెండోది చూడ్డానికి భయంగా ఉన్నా నిజానికి మన మేలు కోరేదే, ఎందుకంటే ఎక్కడ పడిందో అదే చెబుతుంది. మూడోదే అసలు శత్రువు. అది నోరు విప్పదు.

మొదలే కాకపోతే

విండోస్‌లో పైథాన్ పెట్టాక కూడా ఆ కమాండ్ ఏంటో నాకు తెలీదని టెర్మినల్ అంటోందంటే, అది పాత్ గొడవ, అంటే ప్రోగ్రాంల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాలో పైథాన్ లేదు. ఇన్‌స్టాలర్ మొదటి తెర మీదే పాత్‌లో చేర్చమనే చిన్న గడి ఉంటుంది. తొందరలో అందరూ దాన్ని దాటేస్తారు. మళ్ళీ ఇన్‌స్టాలర్ నడిపి, ‘మాడిఫై’లోకి వెళ్ళి, పైథాన్‌ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో చేర్చమనే గడిలో టిక్ పెట్టండి. తర్వాత పాత టెర్మినల్ మూసేసి కొత్తది తెరవండి. మూయకుండా అందులోనే పది సార్లు ప్రయత్నించి నా దగ్గరికి వచ్చినవాళ్ళు చాలామంది.

లైబ్రరీ ఇన్‌స్టాల్ అయిందని, వాటిని దించిపెట్టే పిప్ చెబుతుంది, మాడ్యూల్ దొరకలేదని పైథాన్ చెబుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మీ మెషీన్‌లో రెండు పైథాన్లు ఉన్నాయి. పిప్ ఒకదాంట్లో సామాను దించింది, మీరు ఇంకోదాంట్లో వెతుకుతున్నారు. పిప్‌ని విడిగా పిలవకుండా ‘పైథాన్ మైనస్ ఎం పిప్ ఇన్‌స్టాల్’ (python -m pip install) అని పిలిస్తే, ఏ పైథాన్‌తో నడుపుతున్నారో దాని ఇంట్లోకే సామాను వస్తుంది.

ఇంకొకటి నెలకోసారైనా చూస్తుంటాను. పాచికలాట ప్రోగ్రాం రాసి, ఫైల్‌కి ‘రాండమ్’ అని పేరు పెడతారు. లోపల రాండమ్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేస్తారు. పైథాన్ ముందు అదే ఫోల్డర్‌లో వెతుకుతుంది కాబట్టి అసలు మాడ్యూల్ బదులు మీ ఫైల్‌నే తెచ్చుకుంటుంది. తర్వాత ‘ఇందులో ఆ ఫంక్షన్ లేదు’ అంటుంది. మరి లేదుగా! ఫైల్ పేరు మార్చండి, అంతే. పైథాన్ 3.13 నుంచి ఈ పొరపాటుని మెసేజ్‌లోనే పసిగట్టి చెబుతోంది. జావాలో పబ్లిక్ క్లాస్ పేరూ ఫైల్ పేరూ పెద్దక్షరం, చిన్నక్షరంతో సహా ఒకటే కావాలి. ఇక ఎర్రర్ చూపిన లైన్‌లో ఎంత చూసినా తప్పు కనిపించకపోతే, ఒకటి రెండు లైన్లు పైకి చూడండి. మూయని బ్రాకెట్ అక్కడ దాక్కుని ఉంటుంది.

మధ్యలో పడిపోతే

ఎర్రక్షరాలు చూడగానే కుర్రాళ్ళు చేసే మొదటి పని తెర క్లియర్ చేయడం. మచ్చ కనిపిస్తే అద్దం తిప్పేసినట్టు. చదవండి. అయితే ఎక్కడ మొదలుపెట్టాలో భాషని బట్టి మారుతుంది. పైథాన్‌లో అసలు సంగతి అట్టడుగు లైన్‌లో ఉంటుంది, కింది నుంచి పైకి చదవాలి. జావాలో, జావాస్క్రిప్ట్‌లో పై లైనే ముఖ్యం. జావాలో ‘కాజ్డ్ బై’ అనే మాట కనిపిస్తే మాత్రం అలాంటివాటిలో అన్నిటికన్నా కిందది పట్టుకోండి, మూలం అక్కడుంది. ఆ తర్వాత ఆ అరవై లైన్లలో మీరు రాసిన ఫైల్ పేరు ఎక్కడుందో చూడండి. మిగతావన్నీ లైబ్రరీల వంశవృక్షం. మనకక్కర్లేదు.

పడిపోయేవాటిలో ఎక్కువ శాతం ఒకే కులం. జావా ‘నల్ పాయింటర్ ఎక్సెప్షన్’ అంటుంది. పైథాన్ ‘నన్‌టైప్‌కి ఆ యాట్రిబ్యూట్ లేదు’ అంటుంది. జావాస్క్రిప్ట్ ‘అన్‌డిఫైన్డ్ నుంచి ప్రాపర్టీ చదవలేను’ అంటుంది. మూడింటికీ అర్థం ఒకటే: ఆ అడ్రస్‌కి వెళ్తే అక్కడ ఇల్లే లేదు. ‘ఇక్కడ ఏమీ లేదు’ అని చెప్పే ఈ నల్‌ని 1965లో ఒక భాషలోకి తెచ్చిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 2009లో దాన్ని తన బిలియన్ డాలర్ల తప్పు అని తానే ఒప్పుకున్నారు. కాబట్టి మీరు బాధపడకండి.

దీనికి అందరూ వేసే మందు, ఆ లైన్ ముందు ‘నల్ కాకపోతేనే’ అని ఒక ఇఫ్ పెట్టడం. అది జ్వరానికి థర్మామీటర్ దాచేయడం లాంటిది. అడగాల్సిన ప్రశ్న వేరు: ఇందులో విలువ ఎవరు నింపాలి, ఎందుకు నింపలేదు? పైథాన్‌లో అయితే ఫంక్షన్‌లో రిటర్న్ రాయడం మర్చిపోయారేమో చూడండి. లేదంటే లిస్ట్‌ని సార్ట్ చేసి ఆ ఫలితాన్ని మళ్ళీ అదే పేరుకి ఇచ్చారేమో చూడండి. లిస్ట్ మీద పిలిచే సార్ట్ ఆ లిస్ట్‌నే సర్ది ‘నన్’ తిరిగిస్తుంది, మీరు ఆ ‘నన్’ని తీసుకుని లిస్ట్‌ని పారేశారు. జావాస్క్రిప్ట్‌లో అయితే సర్వర్ నుంచి డేటా ఇంకా రాకముందే చేయి చాపి ఉంటారు. డేటా వచ్చేదాకా ఆగమని చెప్పే ఎవైట్ మర్చిపోయిన చోటు వెతకండి. జావా 15 నుంచి ఏ వేరియబుల్ నల్‌గా ఉందో మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. చదివితే.

ఐదు వస్తువుల లిస్ట్‌లో లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి చివరిదాని నంబర్ 4 అని మర్చిపోతే వచ్చే ఎర్రర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లూప్ షరతులో ‘తక్కువ లేక సమానం’ ఉన్నచోట ‘తక్కువ’ మాత్రమే ఉండాలా అని చూసుకోండి.

తప్పు జవాబు వస్తే

ఇక్కడ ఓపిక కావాలి. ముందు ఫైల్‌ని కాపీ తీసి పక్కన పెట్టుకోండి. కాపీలో సగం కోడ్ తీసేయండి. తప్పు ఇంకా వస్తోందా? అయితే మిగిలిన సగంలో ఉంది. రాలేదా? తీసేసిన సగంలో ఉంది. డేటాబేస్ నుంచి వచ్చే విలువల బదులు చేత్తో రెండు అంకెలు పెట్టండి. అలా పది లైన్లకు తెండి. ‘నిన్న పని చేసింది, ఇవాళ చేయట్లేదు’ అయితే ఇదే పని, కోడ్ పాత రూపాల్ని దాచిపెట్టే గిట్‌లో బైసెక్ట్ అనే కమాండ్ చేస్తుంది. వెయ్యి కమిట్లలో, అంటే అలా దాచిన వెయ్యి మార్పుల్లో, దోషిని సుమారు పది ప్రయత్నాల్లో పట్టిస్తుంది.

తర్వాత అనుమానం ఉన్న ప్రతి విలువనీ ప్రింట్ చేయండి. వట్టిగా కాదు. రెండు పక్కలా చదరపు బ్రాకెట్లు పెట్టి, దాని టైప్ కూడా చూపించేలా ప్రింట్ చేయండి. [రవి] అని రావాల్సింది [రవి ] అని వస్తే, చివరి ఖాళీ అప్పుడు కనిపిస్తుంది. అలాగే 5 అనే అంకె, "5" అనే స్ట్రింగ్ (అంటే అక్షరాల వరుస) చూపుకి కవలలు. జావాస్క్రిప్ట్‌లో "5" + 3 అంటే "53" వస్తుంది, "5" - 3 అంటే 2 వస్తుంది. పైథాన్ ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగే ఇస్తుంది, దానికి అంకెని కూడబోతే ఒప్పుకోదు. నాకు పైథాన్ ఈ విషయంలోనే నచ్చుతుంది. ముఖం మీదే చెప్పేస్తుంది.

ఈ రెండు పనులు చేశాక మిగిలేది కింద చెప్పే కుటుంబాల్లో ఏదో ఒకటి అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

పేరు అడక్కుండా దాటేసే ప్రోగ్రాం

మొన్న మంగళవారం ఒంగోలు కుర్రాడు తెచ్చింది ఇదే. జావాలో కీబోర్డ్ నుంచి చదివే స్కానర్‌తో ముందు వయసు అడిగాడు, తర్వాత పేరు. వయసు కొట్టి ఎంటర్ నొక్కగానే, పేరు అడిగినట్టే అడిగి, కొట్టే అవకాశం ఇవ్వకుండా ప్రోగ్రాం ముగిసిపోయింది. “దెయ్యం పట్టింది అన్నా” అన్నాడు. కీబోర్డ్ మీద ఏం నొక్కావో ఒక్కొక్కటే చెప్పమన్నాను. “ఇరవై మూడు.” “తర్వాత?” “ఏం లేదు.” “ఎంటర్ నొక్కలేదా?”

అక్కడుంది దెయ్యం. మీరు పంపింది రెండు గుర్తులు కాదు, మూడు: 2, 3, ఎంటర్. ‘నెక్స్ట్‌ఇంట్’ 2నీ 3నీ తీసుకుని, ఎంటర్‌ని అక్కడే వదిలేసింది, అరటిపండు తిని తొక్క బల్ల మీద వదిలేసినట్టు. ఆ వెనక వచ్చిన ‘నెక్స్ట్‌లైన్’ పని, ఎంటర్ దాకా ఉన్నదంతా చదవడం. వచ్చీ రాగానే ఎంటర్ కనిపించింది. దానికి ముందు ఏమీ లేదు. కాబట్టి పేరు ఖాళీ అనుకుని వెళ్ళిపోయింది.

మధ్యలో ఒక ‘నెక్స్ట్‌లైన్’ ఊరికే పిలిచి తొక్క తీసేయడం ఒక దారి. నేను చెప్పే దారి, అన్నిటినీ లైన్లుగానే చదివి, అంకె కావాల్సిన చోట ‘పార్స్‌ఇంట్’తో మార్చుకోవడం. సీ భాషలో స్కాన్ఎఫ్‌తో అంకె చదివి వెంటనే ఒక అక్షరం చదివినా ఇదే జరుగుతుంది. అక్కడ అక్షరం చదివే గుర్తు %cకి ముందు ఒక ఖాళీ పెడితే చాలు.

అంకెలు చేసే మోసాలు

600కి 450 మార్కులు. శాతం ఎంత? జావాలో 450/600*100 అని రాస్తే సున్నా వస్తుంది. రెండు పూర్ణాంకాల భాగహారంలో దశాంశం పారేస్తారు కాబట్టి 450/600 అక్కడికక్కడే 0 అయిపోయింది, దాన్ని వందతో గుణిస్తే ఏముంటుంది? 450*100/600 అని రాస్తే 75. లేదా 100 బదులు 100.0 తెచ్చి ముందు పెట్టండి. పైథాన్ 3లో 7/2 అంటే 3.5, పూర్ణాంకం కావాలంటే 7//2. ఇందులో ఒక చిక్కుంది. జావా, సీ సున్నా వైపు కత్తిరిస్తాయి కాబట్టి వాటిలో -7/2 అంటే -3. పైథాన్ కిందికి దింపుతుంది కాబట్టి -7//2 అంటే -4. అందుకే శేషం చెప్పే -7 % 3 కూడా పైథాన్‌లో 2, జావా, సీ, జావాస్క్రిప్ట్‌లలో -1. ఒక భాషలో రాసిన లెక్కని ఇంకో భాషలోకి మార్చేటప్పుడు రుణాంకాలతో ఒకసారి నడిపి చూడండి.

0.1 + 0.2 చేస్తే 0.30000000000000004 వస్తుంది. పైథాన్‌లో, జావాలో, జావాస్క్రిప్ట్‌లో ఎక్కడైనా అదే. భాష తప్పు కాదు. 1985లో ఖరారైన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం ఈ అంకెల్ని ద్విసంఖ్యామానంలో దాస్తారు. మన లెక్కల్లో మూడోవంతుని 0.333 అని ఎంత దూరం రాసినా తేలనట్టే, అక్కడ పదోవంతు తేలదు. ఎక్కడో కోసేయాలి. కోసిన ముక్క చివర్లో ఇలా బయటపడుతుంది. అందుకని దశాంశాలు రెండు సమానమా అని అడక్కండి, తేడా చాలా చిన్నదేనా అని అడగండి. డబ్బు లెక్కలైతే రూపాయల్లో కాకుండా పైసల్లో, పూర్ణాంకాలుగా దాచండి. జావాలో బిగ్‌డెసిమల్, పైథాన్‌లో డెసిమల్ ఉన్నాయి, కానీ వాటికి 0.1ని అంకెగా ఇస్తే చెడిపోయిన విలువే లోపలికి వెళ్తుంది. "0.1" అని స్ట్రింగ్‌గా ఇవ్వాలి.

ఫ్యాక్టోరియల్, అంటే 1 నుంచి ఆ అంకె దాకా అన్నిటినీ గుణించడం, ఇంటర్వ్యూల్లో పాత చుట్టమే. జావా ఇంట్‌లో 12 దాకా సరిగ్గా వస్తుంది: 479001600. 13కి రావాల్సింది 6227020800. ఇంట్ పట్టగలిగింది 2147483647 మాత్రమే. మీకు వచ్చేది 1932053504. రుణాంకం వచ్చి ఉంటే అనుమానం వచ్చేది. ఇది పెద్దమనిషిలా కనిపిస్తుంది, ఎవరూ ప్రశ్నించరు. ఇంట్ కన్నా పెద్దదైన లాంగ్ వాడితే 20 దాకా వెళ్ళొచ్చు, 21కి అదీ పొంగిపోతుంది. పైథాన్ పూర్ణాంకాలకి ఈ గొడవ లేదు. జావాస్క్రిప్ట్‌లో 9007199254740991 దాటిన అంకెల మీద నమ్మకం పెట్టుకోకూడదు. సర్వర్ పంపే పొడవాటి ఐడీల చివరి అంకెలు మారిపోతున్నాయంటే కారణం ఇదే. ఐడీలని స్ట్రింగ్‌గా పంపమని ఆ టీం వాళ్ళని అడగండి.

సమానం అంటే ఏది

జావాలో రెండు స్ట్రింగ్‌లని == తో పోలిస్తే అక్షరాలు ఒకటేనా అని కాదు, రెండూ అదే వస్తువా అని చూస్తుంది. కోడ్‌లో నేరుగా రాసిన మాటలకి చాలాసార్లు ఒప్పే వస్తుంది, అదే మోసం. కీబోర్డ్ నుంచి వచ్చిన మాటతో పోల్చగానే తప్పంటుంది. ‘ఈక్వల్స్’ వాడండి. ఇంటీజర్ ఆబ్జెక్ట్‌లతో ఇంకా విచిత్రం: 127, 127 సమానం అంటుంది, 128, 128 కాదంటుంది. -128 నుంచి 127 దాకా జావా ముందే తయారుచేసి దాచుకున్న వస్తువుల్నే అందరికీ ఇస్తుంది కాబట్టి. ఐదు పది టెస్ట్ కేసుల్లో పాసై, పెద్ద అంకెల దగ్గర ఫెయిలయ్యే కోడ్ ఉంటే ముందు ఇదే చూడండి.

జావాస్క్రిప్ట్‌లో 0 == "" నిజం, 0 == "0" నిజం, కానీ "" == "0" అబద్ధం. దీన్ని అర్థం చేసుకునే ప్రయత్నం వద్దు. మూడు సమానాల గుర్తు, అంటే === వాడి ముందుకు నడవండి. పనిలో పని, ఆ భాషలో 10, 9, 1, 100ని వట్టి సార్ట్‌కి ఇస్తే 1, 10, 100, 9 అని వస్తుంది. అంకెల్ని మాటలుగా మార్చి అక్షరక్రమంలో పెడుతుంది. పోల్చే ఫంక్షన్ మీరే ఇవ్వాలి.

ఒకే గది, మూడు తాళంచెవులు

పైథాన్‌లో 3×3 సున్నాల పట్టిక కావాలని [[0]*3]*3 అని రాస్తారు. ప్రింట్ చేస్తే చక్కగా కనిపిస్తుంది. మొదటి వరుసలో మొదటి గడిని 1 చేయగానే మూడు వరుసల్లోనూ మొదటి గడి 1 అయిపోతుంది. పీజీ భాషలో చెబితే, మీరు మూడు గదులు తీసుకున్నాననుకున్నారు, ఓనరు ఒకే గదికి మూడు తాళంచెవులిచ్చాడు. ఏ చెవితో తెరిచి మంచం జరిపినా జరిగేది ఒకే మంచం. మూడు వరుసల్ని లూప్‌లో విడివిడిగా పుట్టించాలి.

జావాలో, జావాస్క్రిప్ట్‌లో ఒక ఆబ్జెక్ట్‌ని ఇంకో పేరుకి ఇస్తే అదీ కొత్త తాళంచెవే, కొత్త గది కాదు. జావాస్క్రిప్ట్‌లో మూడు చుక్కలతో తీసే కాపీ పై అంతస్తుకే కాపీ. లోపల ఇంకో ఆబ్జెక్ట్ ఉంటే అది ఉమ్మడి ఆస్తే. పైథాన్ ఫంక్షన్‌లో డిఫాల్ట్‌గా ఖాళీ లిస్ట్ ఇచ్చినా ఇదే కథ. ఆ లిస్ట్ ఫంక్షన్ పుట్టినప్పుడు ఒక్కసారే పుడుతుంది, నిన్నటి ఎంగిలి ఇవాళ్టి ప్లేట్‌లో కనిపిస్తుంది. డిఫాల్ట్ ‘నన్’ ఇచ్చి, లోపల కొత్త లిస్ట్ చేసుకోండి.

లూప్ తిరుగుతూ అదే లిస్ట్ నుంచి తీసేయడం కూడా ఈ చుట్టరికమే. [2, 4, 6, 7]లో సరిసంఖ్యలు తీసేయబోతే పైథాన్ [4, 7] మిగులుస్తుంది. 2 పోగానే 4 జరిగి దాని చోటికి వచ్చింది, లూప్ మాత్రం రెండో చోటికి వెళ్ళిపోయింది. జావా అయితే మామూలుగా ఎక్సెప్షన్ విసిరి ఆపేస్తుంది. ఉంచాల్సినవాటితో కొత్త లిస్ట్ కట్టుకోవడమే శుభ్రం.

ఒక రోజు ముందే వచ్చిన పుట్టినరోజు

ఇది నా సొంత పరువు నష్టం. ఇక్కడే ఓ చిన్న కంపెనీలో ఉద్యోగుల వివరాల ఫారం రాశాను. నెల తిరక్కుండానే, అందరికీ పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక రోజు ముందే వెళ్తున్నాయని తేలింది. ఒకాయన మర్యాదగా రెండుసార్లు చెప్పారు, మూడోసారి మా మేనేజర్‌కి చెప్పారు.

జరిగిందిది. ఫారంలో 15వ తేదీ ఎంచుకుంటే బ్రౌజర్ దాన్ని మన టైంలో 15 అర్ధరాత్రి 12 గంటలుగా పట్టుకుంది. సర్వర్‌కి పంపేటప్పుడు యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ఉమ్మడి టైంలోకి, మార్చింది. మనం యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందు. వెనక్కి లెక్కిస్తే 14 సాయంత్రం 6:30. నేను సర్వర్‌లో ఆ స్ట్రింగ్ మొదటి పది గుర్తులు కోసి తేదీగా దాచాను. 14 మిగిలింది. లండన్‌లో చలికాలంలో కూర్చుని టెస్ట్ చేసి ఉంటే ఈ బగ్ కనిపించేదే కాదు.

కాబట్టి పుట్టినరోజు, పండగ, సెలవు లాంటివి టైం లేని వట్టి తేదీలు. వాటిని ‘2024-08-15’ అనే స్ట్రింగ్‌గానే పంపి, డేటాబేస్‌లో డేట్ రకంగానే దాచండి. ఆర్డర్ ఎప్పుడు పడింది, లాగిన్ ఎప్పుడయ్యారు లాంటి క్షణాలని మాత్రం యూటీసీలో దాచి, చూపించేటప్పుడే మన టైంకి మార్చండి. పైగా జావాస్క్రిప్ట్ డేట్‌లో నెలలు సున్నా నుంచి మొదలు. ఆగస్టు అంటే 7.

మన అక్షరాల లెక్క

తెలుగువాళ్ళం కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగాలి. ‘తెలుగు’లో ఎన్ని అక్షరాలు? బడిలో చెప్పింది మూడు. పైథాన్‌ని, జావాస్క్రిప్ట్‌ని, జావాని అడిగితే ఆరు. గో, రస్ట్ అనే భాషల్ని మామూలుగా పొడవడిగితే పద్ధెనిమిది. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. అన్ని లిపుల గుర్తులకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో త ఒక గుర్తు, ఎత్వం ఇంకో గుర్తు. ల, కొమ్ము, గ, కొమ్ము కలిపితే ఆరు. ఆ గుర్తుల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు, గో, రస్ట్ లెక్కపెట్టేది ఆ బైట్లని. ‘స్త్రీ’ అనేది మనకి ఒకే అక్షరం, లోపల అదీ ఆరు గుర్తులే: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం.

ఇంటర్వ్యూల కోసం బట్టీ పట్టిన ‘స్ట్రింగ్ తిప్పడం’ కోడ్‌కి మీ పేరు తెలుగులో ఇచ్చి చూడండి. గుణింతాలు ముందు, హల్లులు వెనక వచ్చి, చుక్కల వలయాలు కనిపిస్తాయి. పేరుని పది గుర్తుల దగ్గర కోసి చుక్కలు పెట్టే యాప్‌లలో ఒత్తులు ఊడిపోవడం కూడా అందుకే. కోయాల్సింది అక్షరం హద్దు దగ్గర. జావాస్క్రిప్ట్‌లో దీనికి ‘ఇంటెల్ సెగ్మెంటర్’ (Intl.Segmenter) ఉంది. స్విఫ్ట్ భాష లెక్కపెట్టడమే అలా లెక్కపెడుతుంది, ‘తెలుగు’కి మూడంటుంది. ఒత్తులతో ఉన్న ‘స్త్రీ’ని ఒకే ముక్కగా చూడాలన్న నియమం మాత్రం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తోనే చేరింది. పాత వెర్షన్‌లలో దాన్ని మూడు ముక్కలు చేస్తారు. కాబట్టి మీ మెషీన్‌లో నడిపి చూశాకే నమ్మండి.

తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయా? కంగారు వద్దు, డేటా బానే ఉంది, చదివే పద్ధతి తప్పింది. రాసేటప్పుడు, ఫైల్ మొదట్లో వచ్చే బామ్ (BOM) అనే గుర్తుతో కూడిన యూటీఎఫ్-8లో రాయండి. పైథాన్‌లో దాని పేరు ‘యూటీఎఫ్-8-సిగ్’. పిచ్చి గీతల బదులు అన్నీ ప్రశ్నార్థకాలే కనిపిస్తే మాత్రం సమస్యే. ఎక్కడో దాచేటప్పుడే అక్షరాలు పోయాయి, ఆ ఫైల్ నుంచి వెనక్కి రావు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో తెలుగు దాగుతోంది కానీ ఎమోజీ దగ్గర పడిపోతోందంటే, దాని పాత ‘యూటీఎఫ్8’ మూడు బైట్ల దాకానే పట్టుకుంటుంది. ‘యూటీఎఫ్8ఎంబీ4’కి మార్చండి.

అయినా తేలకపోతే అడగండి

వెతికేటప్పుడు ఎర్రర్ మెసేజ్‌లో మీ ఫైల్ పేరు, మీ వేరియబుల్ పేర్లు తీసేసి, భాష పేరు చేర్చండి. దొరికిన జవాబు ఏ ఏడాదిదో చూడండి. పైథాన్ 2కి 2020 జనవరి 1తో కాలం చెల్లింది, దాని జవాబులు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఏఐని అడగడం తప్పు కాదు, నేనూ అడుగుతాను. అయితే అది లేని ఫంక్షన్‌ని కూడా ఉన్నంత ధీమాగా చెప్పగలదు. మీరు చేసిన పది లైన్ల ముక్క ఉంటే దాని మాటని అరనిమిషంలో పరీక్షించవచ్చు. ఆఫీసు పాస్‌వర్డ్‌లు, కీలు, క్లయింట్ డేటా మాత్రం అక్కడ అతికించకండి.

మనిషిని అడిగేటప్పుడు మెసేజ్ ఇలా ఉండాలి: “అన్నా, జావా 17. వయసు తర్వాత పేరు చదవాలి. వయసు 23 ఇచ్చాను. పేరు రవి అని రావాలి, ఖాళీగా వస్తోంది. మధ్యలో ప్రింట్ చేసి చూస్తే [] వచ్చింది. పది లైన్ల కోడ్ కింద పెట్టాను.” కోడ్‌నీ ఎర్రర్‌నీ టెక్స్ట్‌గా పంపండి. తెరకి ఫోన్ అడ్డంగా పట్టుకుని తీసిన ఫొటోలో నాకు కనిపించేది ట్యూబ్‌లైట్ నీడ, మీ బొటనవేలు, సగం కోసుకుపోయిన ఎర్రర్.

టెక్స్ట్‌గా వస్తే పడుకునే లోపు జవాబిస్తాను. ఫొటోలకి ఆదివారం మెస్‌లో, చికెన్ తిన్నాక.